సర్వ లోపలి రాత

మూడు కాళ్ల కంచు పాత్ర ముందు
నా స్టూలు.
పొద్దున పదిన్నర నుంచి సాయంత్రం ఐదు దాకా
దాన్ని ఎవరూ ముట్టకుండా చూడడమే నా కొలువు.
చీనా నుంచి వచ్చింది, మూడు వేల ఏళ్ల కిందటిదట.
అద్దం పెట్టెలో, ఏసీ చలిలో,
మూసీ వాసన రాని చోట.

దాని ఒంటి మీద ఒక ముఖం ఉంది.
రెండు గుడ్లు, వంపు కొమ్ములు, కింది దవడ లేదు.
బడిపిల్లలు దానికి నాలుక చూపించి పోతారు.
నేను మాత్రం మూడు వారాలుగా
దాని కళ్లలోకి చూస్తూ
మధ్యాహ్నం డబ్బాలో ఏముందో ఆలోచిస్తున్నాను.

ఆదివారం జ్ఞానేశ్వరాచారి వచ్చాడు.
బేగంబజార్‌లో స్టీలు దుకాణం మెట్టు మీద
నలభై రెండేళ్లు కూర్చుని
గిన్నెల మీద పేర్లు కొట్టిన మనిషి.
ముందు ఉలీ సుత్తీ,
తర్వాత జుయ్‌మనే కరెంటు మిషను.
ఇప్పుడు ఏ పనీ లేదు,
చూపుడువేలు మాత్రం వణుకుతూనే ఉంటుంది
తీగ పీకేసినా ఆగని యంత్రంలా.

పచ్చటి చిలుము చూసి ముక్కు విరిచాడు.
"చింతపండేసి తోమరా దీన్ని?"
ఆ పచ్చదనానికే విలువ తాతా, అన్నాను.
"మా ఆడోళ్లు వింటే నవ్వుతరు."

లోపల ఏదో గీసి ఉందని అద్దానికి నుదురు ఆనించాడు.
ఆనకూడదని చెప్పాలి. చెప్పలేదు.
పక్కనున్న కార్డు చదివి వినిపించాను:
తండ్రి కోసం పోయించిన పాత్ర ఇది,
కొడుకుల కొడుకులు, మనవళ్ల మనవళ్లు
ఎల్లకాలం దాచుకుని వాడుకోవాలి.

చాలాసేపు మాట్లాడలేదు.
"గిదే" అన్నాడు చివరికి.
"మేం కొట్టింది గిదే బిడ్డా.
పెండ్లికి మేనమామ పెట్టిన బిందె, తారీఖు.
సచ్చిపోయిన అత్త పేర పంచిన గ్లాసులు, నూట పదకొండు.
కానీ మేం బయట కొడ్తం,
పక్కింటోళ్ల గిన్నెల్ల కలవకుండ.
వీళ్లు లోపల రాసిండ్రు. ఎవరికి కనబడాలని?"

తినడానికొచ్చే పెద్దలకి, అన్నాను.
కూడు అయిపోతేనే అక్షరం తేలుతుంది.
పెత్తరమాస నాడు విస్తరి వేసి, తలుపు దగ్గరికి వేసి
మనం బయట నిలబడతాం చూడు,
ఆ కాసేపట్లో చదువుకుంటారేమో.

ఇదేదీ కార్డులో లేదు. నేనే కల్పించాను.

ఆయన వేరే లెక్కలో ఉన్నాడు.
"వాడుకోమని రాసిండ్రు గద,
మరి అడుగున గంటె గీతలేవి?"
మట్టిలో దొరికింది తాతా.
చచ్చిపోయినాయనతో పాటు పాతిపెట్టారు.
"అట్ల చెప్పు."
పాతసామాన్ల కాంటా గుర్తొచ్చిందేమో,
తను కొట్టిన పేర్లే బోర్లా పడి
కిలోకి ఇంతని పలికి
బట్టీలోకి పోవడం ఎన్నిసార్లు చూశాడో.
"వాడిందంతా కరిగింది.
వాడనిదే మిగిలింది."

పోతూ పోతూ వెనక్కి తిరిగాడు.
"మీ ఇంట్ల పాత సర్వ ఉందా? అమ్మ పేరు కొట్టిచ్చిందా?
నా చెయ్యైతే 'మ' తోక వంకరుంటది. చూడు."

రాత్రి గిన్నెలు తోముతూ
మా అమ్మ సర్వను బల్బు కిందికి తిప్పాను.
కొమురమ్మ. 12-5-81.
చుక్కలు చుక్కలుగా, చీమల బారు.
ఇన్నేళ్లూ పీచుతో రుద్దిందే తప్ప
ఒక్కసారి వేలు పెట్టి చదవలేదు.
రెండు 'మ'లూ తిన్నగా ఉన్నాయి.
వేరెవరిదో చెయ్యి.

కొయ్యపెట్టెలో గడ్డి మధ్య పడుకుని
ఆ పాత్ర వెళ్లిపోయిన వారం
మళ్లీ వచ్చాడు.
ఖాళీ దిమ్మె ముందు నిలబడి, దొరికిందా అన్నాడు.
దొరికింది తాతా, వంకరే ఉంది, అన్నాను.

మిగిలిన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.
"అబద్ధం. నేనెన్నడు వంకర కొట్టలే.
ఊకె అన్న,
ఒక్కపారి సర్వ తిప్పి చూస్తవని."